ఒక్క పేరు చెప్పమన్నారు

ఆదివారం ఆరాధన అయ్యాక సిడ్నీ దగ్గర కెల్లీవిల్‌లో మా ఇంట్లోనే అందరికీ భోజనాలు. మా సహవాసంలో సోషల్ వర్క్ చదువుతున్న ఆడపిల్లలు కొందరున్నారు. వాళ్లు ప్లేట్లు పట్టుకుని వంటింటి గట్టు దగ్గర నన్ను చుట్టుముడతారు. "ఆంటీ, చైల్డ్ ప్రొటెక్షన్‌లో జాబ్ అసలు ఎలా ఉంటుంది? యూనిలో చెప్పేదంతా థియరీయే" అంటారు. పక్కనే ఉన్న వాళ్ల అమ్మలు, నేనేం చెప్పి పిల్లల్ని బెదరగొడతానో అని నావైపు అనుమానంగా చూస్తారు. నిలబడి చెప్పే సంగతులు కావు గనక కూర్చుని రాస్తున్నాను. ఈ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. అమ్మలే చదివి వినిపించాలి. అదీ మంచిదే, వాళ్లూ వింటారు.

ఏ ఏడు ఏ పదవి వచ్చిందో రాయను, దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు. నేర్పినవాళ్ల గురించి రాస్తాను.

తలుపు తట్టే పని

ఈ ఉద్యోగమంటే తలుపు తట్టడం. లోపలివాళ్లకు మీరు రావడం ఇష్టం ఉండదు. మీరు ఎంత మెత్తగా మాట్లాడినా, మీ సంచిలో ఏం అధికారం ఉందో వాళ్లకు తెలుసు. మీరు పిల్లల్ని తీసుకుపోగలరు. ఆ సంగతి మీరు మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు. కాబట్టి మీరూ మర్చిపోకూడదు.

నేను గుంటూరులో పుట్టి, హైదరాబాద్ పాతబస్తీ దగ్గర ఒక మిషన్ ఆస్పత్రిలో కొన్నేళ్లు పనిచేసి, ఎనభైల చివర్లో మా ఆయన ప్రభాకర్ గారితో సిడ్నీ వచ్చాను. ఉద్యోగం పిల్లల సంక్షేమ శాఖలో దొరికింది. నన్ను తీసుకోవడానికి కారణం నా చదువు కాదు, పాతబస్తీలో వంటబట్టిన ఉర్దూ. పశ్చిమ సిడ్నీకి ఆఫ్ఘనిస్తాన్ నుంచి వస్తున్న కుటుంబాల్లో చాలామంది పాకిస్తాన్‌లోని పెషావర్ శరణార్థి శిబిరాల్లో ఏళ్లకేళ్లు ఉండి ఉర్దూ నేర్చినవాళ్లు. వాళ్లతో మాట్లాడే మనిషి శాఖకు కావాలి.

నా పై అధికారి జోన్. మొదటి వారం "మేడం" అని పిలిస్తే, "మేడం అంటే నాకు ఎక్కడో హోటల్ నడుపుతున్నట్టుంది, జోన్ చాలు" అంది. పొడుగాటి మనిషి, మాటలు తక్కువ, సిగరెట్లు ఎక్కువ. కొందరు ఆవిణ్ని రాతి గుండె అనేవాళ్లు. అది తప్పు. ఒకసారి ఒక పసిపిల్లను "చుట్టాలు చూసుకుంటారులే" అని నమ్మి వదిలేస్తే ఆ పిల్లకు హాని జరిగింది. అప్పటి నుంచి జోన్‌కు "అందరం చూసుకుంటాం" అనే మాట వింటే ఒళ్లు మండేది. "అందరూ అంటే ఎవరూ కాదు, మేరీ. ఒక పేరు, ఒక అడ్రసు. అంతే" అనేది. ఈ వాక్యం గుర్తుంచుకోండి, నేను రాసేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

ఆ వీధి

మా పరిధిలో ప్రభుత్వం కట్టిన చిన్న ఇళ్ల వీధి ఒకటి ఉండేది. అందులో సగం ఇళ్లు ఉజ్బెక్ కుటుంబాలవి. వాళ్ల తాతలు ఉజ్బెక్ నేల నుంచి నది దాటి ఉత్తర ఆఫ్ఘనిస్తాన్‌కు పారిపోయారు. వీళ్లు అక్కడి యుద్ధం నుంచి పారిపోయి ఇక్కడికొచ్చారు. మూడు తరాల్లో రెండు దేశాలు పోగొట్టుకున్నారు గానీ ఒకటి మాత్రం పోనివ్వలేదు. దాన్ని మహల్లా అంటారు. మన హైదరాబాద్ మొహల్లాకు చుట్టమే ఆ మాట, కానీ వాళ్ల దగ్గర అది పేట కాదు, పేటను నడిపే పద్ధతి. ఎవరింట్లో చావు జరిగినా, పెళ్లి జరిగినా ఎవరేం చేయాలో పిలవకుండానే తెలుసు. ఇంటి కప్పు కారితే ఒక శనివారం మగవాళ్లంతా నిచ్చెనలతో వచ్చేస్తారు. కూలి లేదు, భోజనం ఉంటుంది. తగాదా వస్తే పోలీసు దగ్గరకు కాదు, తెల్ల గడ్డపు పెద్ద దగ్గరకు వెళతారు. ఆయన్ని అక్సకాల్ అంటారు. తెల్లగడ్డం అని అర్థం.

ఆ వీధి తెల్లగడ్డం రహ్మత్ ఓతా. ఓతా అంటే తండ్రి. పగలు మాంసం ఫ్యాక్టరీలో గచ్చు కడిగేవాడు, సాయంత్రం నుంచి వీధికి పెద్ద. నా పేరు మేరీ అని చెబితే కళ్లు పెద్దవి చేసి, "మర్యం! మా గ్రంథంలోనూ ఉన్న పేరు, బేటీ" అన్నాడు. ఆనాటి నుంచి ఆ వీధికి నేను మర్యం ఒపాని. ఒపా అంటే అక్క.

నాకు అదంతా వింతగా అనిపించలేదు. మా గుంటూరు సంఘంలో కూడా పెద్దలు ఉండేవారు. ఎవరు ఆరాధనకు రాలేదో, ఎందుకు రాలేదో సోమవారానికల్లా తెలిసిపోయేది. జ్వరమొచ్చిన ఇంటికి గంజి వెళ్లేది, తాగి కొట్టినవాడికి మందలింపు వెళ్లేది. ఊరి గుమ్మం దగ్గర పెద్దలు కూర్చుని విధవరాలి సంగతి తేల్చే చోట్లు లేఖనాల్లో చదివినప్పుడల్లా నాకు మా చర్చి అరుగు గుర్తొచ్చేది. ఆ అరుగు ఆస్ట్రేలియాలో, సాయిబుల వీధిలో కనిపిస్తుందని మాత్రం అనుకోలేదు.

జోన్‌ను తొలిసారి అక్కడికి తీసుకెళ్లిన రోజు ఒకటి చెప్పాలి. నేల మీద పొడవాటి గుడ్డ పరిచి, రొట్టె తుంచి పెట్టి, పియాలాల్లో ఆకుపచ్చ టీ పోశారు. పియాలా అంటే పిడిలేని చిన్న గిన్నె. అందులో సగం కూడా పోయలేదు. బయటికొచ్చాక జోన్, "నేను రావడం వాళ్లకు బాగానే ఇబ్బందిగా ఉంది, టీ కూడా గుక్కెడే పోశారు" అంది. నాకూ అలాగే తోచింది. మన వైపు అతిథికి సగం గ్లాసు ఇస్తే పరువు తక్కువ కదా. తర్వాత నేనే అడిగితే సాదత్ ఒపా అనే ముసలావిడ పడీపడీ నవ్వింది. "కొంచెం పోస్తే మళ్లీ మళ్లీ పోయాలి. మళ్లీ మళ్లీ పోస్తే మీరు కూర్చుంటారు. నిండా పోస్తే తాగేసి ఇక దయచేయండి అని" అంది. పిల్లల్లేని విధవరాలు ఆవిడ, వీధిలో ఎవరికి కాన్పైనా ముందు వెళ్లేది ఆవిడే. జోన్‌కు చెప్పాను. "గుడ్ టు నో" అని సిగరెట్ ముట్టించుకుంది.

మహల్లా చీకటి వైపు

నేను ఆ వీధిని పొగిడి ఊరుకుంటే మీరు మోసపోతారు. ఒకింటి కొత్తకోడల్ని మొగుడు కొట్టేవాడు. ఆ పిల్ల పుట్టింటివాళ్లు ఏ దేశంలో ఉన్నారో కూడా తెలియదు. రెండుసార్లు పెద్దలు కూర్చోబెట్టి, రొట్టె విరిచి, ఇద్దరినీ కలిపి పంపారు. మూడోసారి పిల్ల చెయ్యి విరిగింది. అప్పుడు పోలీసుకు ఫోన్ చేసింది మహల్లా కాదు, అవతలి వైపు ఇంట్లో ఉండే గ్రీకు ముసలాయన. ఆ కేసు చూసింది జోన్. ఆ సంగతి ఎత్తితే రహ్మత్ ఓతా తల దించుకునేవాడు గానీ, తప్పని నోటితో అనలేదు.

మన సంఘాల్లో ఇలాంటివి లేవని చెప్పే ధైర్యం నాకు లేదు. పదిమంది కలిసి మోసే చోట బరువు తేలికవుతుంది. నిజమే. పదిమంది కలిసి మూతవేసే చోట అరుపు కూడా వినబడదు. రెండూ ఒకే చేతులు చేస్తాయి. ఏ చేతులు ఎప్పుడు ఏం చేస్తున్నాయో చూడడమే మీ ఉద్యోగం.

మోహిరా

సోవియట్ రాజ్యం కూలిన కొత్తలో మోహిరా కేసు వచ్చింది. మోహిరా ఆ వీధిలోనే ఉండే అమ్మాయి, పాతికేళ్లు దాటి ఉండవు. ఆమె కడుపుతో ఉండగా భర్త పనికి వెళుతూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. పెద్ద పిల్ల దిల్బర్ అప్పుడే బడిలో చేరింది. తర్వాత కొడుకు పుట్టాడు. పుట్టినప్పటి నుంచి మోహిరా మాట తగ్గింది, తిండి తగ్గింది. ఒకరోజు పసివాడిని బండిలో రోడ్డు పక్కన వదిలేసి, వెళ్లి రైలు ప్లాట్‌ఫారం చివర కూర్చుంది. ఎవరో పుణ్యాత్ముడు చూసి పట్టుకున్నాడు. ఆస్పత్రిలో మానసిక వార్డులో చేర్చారు. బిడ్డ పుట్టాక కొందరికి వచ్చే జబ్బే, నయమవుతుంది, కానీ వారాలో నెలలో చెప్పలేమన్నారు డాక్టర్లు.

మహల్లా ఆ సాయంత్రమే కదిలింది. మోహిరా ఇంటికి తాళం వేసి, పిల్లలిద్దరినీ తీసుకెళ్లారు. అక్కడే వచ్చింది చిక్కు. ఒకింట్లో ఉంచలేదు. కొన్ని రోజులు ఒకింట్లో, కొన్ని రోజులు మరో ఇంట్లో, వంతుల మీద. దిల్బర్‌ను బడికి ఒకరోజు ఒకరు తెస్తారు, సాయంత్రం ఇంకెవరో తీసుకెళతారు. టీచరు, "నువ్వు ఎక్కడుంటున్నావు?" అని అడిగితే ఆ పిల్ల వీధి మొత్తం చూపించింది. టీచరు మాకు ఫోన్ చేసింది. ఆమె చేసింది సరైన పనే.

జోన్ స్వయంగా వెళ్లింది. రాసుకున్న ఇంటికి వెళితే పసివాడు లేడు, పక్కింట్లో అన్నారు. పక్కింటికి వెళితే ఇందాకే ఎదురింటికి తీసుకెళ్లారన్నారు. అందరూ నవ్వుతూనే చెప్పారు. పాల సీసా ఎవరు మరిగిస్తున్నారు, మందు ఎవరు వేస్తున్నారు, ఒక్కరూ తమ పేరు చెప్పలేదు. తిరిగొచ్చి జోన్ నా బల్ల ముందు నిలబడింది.

"విచారణ వచ్చే వారం. వాళ్లు ఒక్క పేరు ఇవ్వాలి. ఇవ్వకపోతే పిల్లలు ఫోస్టర్ ఇళ్లకు, పరాయివాళ్ల పెంపకానికి వెళతారు. ఇద్దరికీ ఒకే ఇల్లు దొరుకుతుందని నేను మాటివ్వలేను."

నేను వాదించబోయాను. ఆమె చెయ్యెత్తింది. "మేరీ, రాత్రి ఆ బాబుకు జ్వరమొస్తే ఎవరు లేస్తారు? నాకు ఆ మనిషి కావాలి."



పెద్దల ముందు

వెంటనే వెళ్లి రహ్మత్ ఓతాను అడిగితే మగవాళ్లను పిలిపించాడు. గుడ్డ పరిచారు, సగం పియాలా ఇచ్చారు. ఆడవాళ్లు పక్కగదిలో, తలుపు ఓరగా తెరిచి. నేను జోన్ మాటే చెప్పాను. ఒక్క పేరు.

 ఓతా మెల్లగా చెప్పిన సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. వాళ్ల పద్ధతిలో పిల్లను ఒకే ఇంటికి అప్పజెప్పడం అంటే, ఆ పిల్లకు తల్లి లేదని మహల్లా ఒప్పుకున్నట్టు. అనాథకే ఒక ఇల్లు. తల్లి బతికుండగా ఆమె చోట ఇంకొకరు కూర్చోకూడదు. అందుకే వంతులు. ఏ ఇంటి ఇల్లాలూ "నేను సాకాను" అనకుండా ఉండాలి. ఏ పిల్లా ఆమెను అమ్మా అని అలవాటు పడకుండా ఉండాలి. మాకు నిర్లక్ష్యంగా కనిపించినదంతా వాళ్లకు తల్లి చోటును ఖాళీగా కాపాడడం.

"మోహిరా బతికుండగా ఇంకొకరి పేరు రాయించమంటున్నావు బేటీ. ఆ పని నా నోటితో చేయించకు" అన్నాడు.

"రాయకపోతే పిల్లలు ఈ వీధిలోనే ఉండరు ఓతా. ఒకరు ఒక మూల, ఒకరు ఒక మూల."

"అప్పుడు వాళ్లను విడగొట్టింది ప్రభుత్వం అవుతుంది. మేం కాదు."

నాకు కోపం వచ్చింది. దాచను. మీ చేతులు శుభ్రంగా ఉండడం ముఖ్యమా, పిల్లలు ముఖ్యమా అని అడిగేశాను. ఒక కుర్ర మగవాడు లేచి నిలబడ్డాడు. ఓతా కళ్లతోనే కూర్చోమన్నాడు. ఎవరూ ఇంకో గుక్క టీ పోయలేదు. ఆ ఇంట్లో నాకు రెండోసారి పోయకపోవడం అదే మొదలు. లేచి వచ్చేశాను.

మర్నాడు జోన్ తనకు తోచిన ఉపాయం ఒకటి చేసింది. ఓతాను ఆఫీసుకు పిలిపించి, శాఖ తరఫున ఆయన్ను ఆ వీధి ప్రతినిధిగా గుర్తిస్తామని, కొంత గౌరవ వేతనం ఉంటుందని, బదులుగా ఏ ఇంట్లో ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు చెబుతుండాలని, ముందుగా ఈ పేరు సంగతి తేల్చమని అడిగింది. నేనే ఉర్దూలో చెప్పాల్సి వచ్చింది. ఓతా టోపీ సర్దుకున్నాడు.

"ఉజ్బెక్ నేల మీద, సమర్కండ్‌లో మా చుట్టాలున్నారు. అక్కడా కొత్త ప్రభుత్వం మహల్లా పెద్దకు జీతం, రబ్బరు ముద్ర ఇస్తానంటోందట. ఫోన్‌లో సంబరంగా చెప్పారు. నేనన్నాను, ముద్ర చేతికొచ్చిన రోజు నుంచి మీకు ఎవరూ తలుపు తీయరు, తీసినా నిజం చెప్పరు అని. ఈ అమ్మగారికి చెప్పు, నన్ను జనం పెద్ద అంటున్నారు గనక పెద్దని. మీరు అంటే పనివాణ్ని."

జోన్‌కు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఫెయిర్ ఎనఫ్. అయినా పేరు కావాలి" అంది. ఇద్దరూ ఒకరికొకరు తలూపుకుని విడిపోయారు. విచారణ మాత్రం ఆగలేదు.

చూడండమ్మా, పొరుగువాళ్లు ఒకరినొకరు చూసుకునే ఏర్పాటు ప్రభుత్వానికి ఎప్పుడూ ముద్దొస్తుంది. ముద్దొచ్చిన దాన్ని ఊరికే ఉంచదు, దానికి కుర్చీ, ముద్ర ఇచ్చి తన కన్నుగా, చెవిగా చేసుకుంటుంది. ఆ రోజుతో అది చచ్చిపోతుంది. మీరు రేపు ఏ పెద్ద కుర్చీలో ఉన్నా ఈ తప్పు చేయకండి.

ఎవరూ అడగని మనిషి

ఇంట్లో నాకు అన్నం సహించలేదు. ప్రభాకర్ గారు చూసి చూసి, "మేరీ, ఆ వీధిని భుజాన వేసుకుని ఇంటికి తీసుకొస్తున్నావు. అవతల పప్పు మాడుతోంది, ముక్కుకి తెలియడం లేదా?" అన్నారు.

"పిల్లల్ని విడదీస్తారండీ."

"నువ్వేం చేస్తావు? వాళ్లు వాళ్ల పట్టు వదలరు, మీ ఆఫీసు దాని పట్టు వదలదు. ఇంతకీ ఆ తల్లేమంటోంది?"

నేను పప్పు గిన్నె దించుతూ ఆగిపోయాను. ఆ తల్లి ఏమంటోందో ఎవరికీ తెలియదు. జోన్ అడగలేదు, జబ్బు మనిషి గనక. పెద్దలు అడగలేదు, ఆడమనిషి, జబ్బు మనిషి, బాధపెట్టకూడదు గనక. ఆమె కోసం రెండు పక్షాలూ అంతగా పోట్లాడుతూ, ఆమెను మాత్రం పక్కన పెట్టేశాయి. ఆమె పక్కన కూర్చుని నోరు తెరిచి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, నాతో సహా.

ఆ వారం మా సహవాసంలో ప్రార్థన అంశంగా పెడితే ఒక పెద్దమనిషి, "వాళ్ల మతం వేరు కదమ్మా, వాళ్ల పెద్దలు చూసుకుంటారులే" అన్నాడు.  ఒంటరివాళ్లను దేవుడు ఇంటివాళ్లను చేస్తాడని మేం ప్రతి వారం పాడేవాళ్లమే. ఏ మతం ఒంటరివాళ్లో ఆ పాటలో లేదు.

మర్నాడు ఆస్పత్రికి వెళ్లాను. చెప్పాలంటే జాగ్రత్తగా చెప్పండి, మళ్లీ కుంగిపోతే ఇన్నాళ్ల వైద్యం వృథా అని డాక్టరు హెచ్చరించింది. కారిడార్‌లో గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ప్రభువును ఒకటే అడిగాను, నా నోట అబద్ధం గానీ, క్రూరత్వం గానీ రానివ్వకు అని. ఆ రెండింటి మధ్య దారి సన్నగా ఉంటుంది.

మోహిరా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లలు వంతుల మీద ఉన్నారని, కోర్టు ఒక్క పేరు అడుగుతోందని, పెద్దలు ఇవ్వనంటున్నారని. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.  తర్వాత అడిగింది.

"నా ఇంటికి తాళం వేశారా?"

"వేశారు."

"నా ఇంటికి తాళం వేసి, నా పిల్లల్ని ఇంటింటికీ తిప్పుతూ, నా చోటు కాపాడుతున్నామంటున్నారా?"

నేను తలూపాను. అప్పుడు మోహిరా నావైపు తిరిగింది. ఆ ముఖంలో చాలా రోజుల తర్వాత కోపం చూశాను. దేవునికి స్తోత్రం అనుకున్నాను, కోపమంటే ప్రాణమే గదా.

"తాళం తీయమనండి. సాదత్ ఒపాను నా ఇంటికి అతిథిగా పిలుస్తున్నాను. నా మాటగా చెప్పండి. నేను వచ్చేదాకా ఉండమనండి. పిల్లల్ని వాళ్ల పక్కల మీద పడుకోబెట్టమనండి. పియాలాలు కిటికీ పక్క అలమరలో ఉన్నాయి."

అంతే. పొరుగింట్లో పిల్లలుంటే తల్లి లేనట్టు. తల్లి ఇంట్లోనే పిల్లలుండి, పొరుగామె అతిథిగా వస్తే తల్లి ఉన్నట్టే. అతిథి ఇంటిదాని చోట కూర్చోదు గదా. జోన్‌కు కావలసిన ఒక పేరు, ఒక అడ్రసు అందులోనే ఉన్నాయి. ఓతాకు కావలసిన మర్యాదా అందులోనే ఉంది. రెండు పక్షాల తెలివిగలవాళ్లకూ తట్టనిది, తన ఇంటిని తలుచుకున్న మనిషికి తట్టింది.

ఆ సాయంత్రం పెద్దల ముందు ఆ మాట చెప్పాను. ఇద్దరు ముగ్గురు గొణిగారు, ఇలా ఎప్పుడూ జరగలేదని. పక్కగది తలుపు పూర్తిగా తెరుచుకుంది. సాదత్ ఒపా గడప మీద నిలబడింది.

"నన్ను పిలిచింది ఇంటావిడ. వద్దనడానికి మీరెవరు? గడ్డం నెరిసినంత మాత్రాన వంటిల్లు తెలిసిపోతుందా?"

మగవాళ్లు నేల చూపులు చూశారు. రహ్మత్ ఓతా కాసేపు గడ్డం నిమురుకుని, జేబులోంచి తాళంచెవి తీసి ఆవిడ ముందు గుడ్డ మీద పెట్టాడు. తర్వాత నా పియాలా తీసుకుని రెండోసారి టీ పోశాడు. సగానికి తక్కువే పోశాడు.

విచారణ

కోర్టు గది చిన్నది. మేజిస్ట్రేటు వయసు మళ్లిన ఆవిడ, కళ్లజోడు పైనుంచి చూసేది. శాఖ దుబాసీని పెట్టింది. జోన్ ముందువరసలో, నేను పక్కన. జోన్‌కు అంతా చెప్పాను. విని, "ఆలోచిస్తాను" అంది.  అందువల్ల ఆమె లేచి ఏం చెబుతుందో నాకే తెలియదు.

మేజిస్ట్రేటు సాదత్ ఒపాను అడిగింది, ఈ పిల్లలకు మీరేమవుతారని.

"ఏమీ కాను. వాళ్లమ్మకు అతిథిని."

గదిలో ఎవరో దగ్గారు. మేజిస్ట్రేటు నవ్వలేదు.

"అతిథి ఎన్నాళ్లుంటుంది?"

"ఇంటావిడ వెళ్లమనే దాకా."

"ఆమె వెళ్లమన్నట్టు మాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. చాలు" అంది సాదత్ ఒపా. దుబాసీ దాన్ని కొంచెం మెత్తబరిచి చెప్పాడు.

 ఇలాంటి జవాబుకు కేసు పోతుంది. మేజిస్ట్రేటు కలం కింద పెట్టి, శాఖ ఏమంటుందని జోన్‌ను అడిగింది. జోన్ లేచింది. ఒకసారి ముసలావిడ వైపు చూసింది. "మేడం, నేను అడుగుదామనుకున్న ప్రశ్న ఒక్కటే" అని, సాదత్ ఒపా వైపు తిరిగింది.

"రాత్రి బాబుకు జ్వరమొస్తే ఎవరు లేస్తారు?"

దుబాసీ చెప్పాడు. సాదత్ ఒపా ప్రశ్న అర్థం కానట్టు మొహం పెట్టింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. "నేనే. ఇంకెవరు? ఎదురింటావిడకు గుర్రు ఎక్కువ."

జోన్ మేజిస్ట్రేటు వైపు తిరిగింది. "శాఖకు అభ్యంతరం లేదు. ఒక్క షరతు, మేరీ వారం వారం వెళుతుంది. తలుపు తీయని రోజున నేను వెళతాను."

పిల్లలు ఆ రాత్రి తమ ఇంట్లో పడుకున్నారు.

ఇంకో మాట, తర్వాత ముగింపు

షరతు ప్రకారం వెళ్లాను. ప్రతిసారీ తలుపు తెరుచుకుంది. వంతులు ఆగలేదు, తిరగబడ్డాయి. పిల్లలు ఇల్లిల్లూ తిరగడం మానేసి, ఇళ్లన్నీ వంతుల మీద పిల్లల దగ్గరకు వచ్చాయి. ఒకరు వంట, ఒకరు బడి, ఒకరు బట్టలు. జోన్ ఆ వీధి విషయంలో తన మాట మార్చుకోలేదు, ఒక పేరు ఉండాలనే అనేది. ఓతా కూడా మార్చుకోలేదు. అయితే ఆ తర్వాత ఒకింటి కోడలి విషయం పెద్దల దాకా వచ్చినప్పుడు, ఆయన ముందు ఆడవాళ్ల గది తలుపు తీయించి, ఆ పిల్ల ఏమంటోందో అడిగాడని విన్నాను. దాన్ని నేను చిన్న సంగతి అనుకోను. జోనూ అనుకోలేదు.

మీరు ఈ ఉద్యోగంలో చేరితే మీ వెనక చట్టం ఉంటుంది, ఎదుట ఆచారం ఉంటుంది. రెండూ గట్టిగా మాట్లాడతాయి. నడుమ ఎవరో ఒకరు మాట్లాడకుండా కూర్చుని ఉంటారు. ముందు ఆ మనిషి దగ్గరకు వెళ్లండి. ప్రార్థన చేసేవాళ్లయితే చేసి వెళ్లండి. చేయనివాళ్లయితే నోరు మూసుకుని వెళ్లండి, దాదాపు అంతే ఫలం.

మోహిరా ఇంటికి వచ్చిన రోజున కేసు ముగించడానికి నేనూ జోనూ వెళ్లాం. వీధి వీధంతా ఆ చిన్న గదిలో, గుమ్మంలో, కిటికీ బయట. మోహిరా చిక్కిపోయి ఉంది, కానీ గుడ్డ తనే పరిచింది, రొట్టె తనే తుంచింది. అలమరలోంచి పియాలాలు తీసి, టీ పోయడం మొదలుపెట్టింది. ఓతాకు సగానికి తక్కువ. నాకు సగానికి తక్కువ. జోన్‌కు ఇంకా తక్కువ. జోన్ ఆ గుక్కెడు టీ చూసుకుని, నావైపు చూసి, గర్వంగా కనుబొమ్మలెగరేసింది.

సాదత్ ఒపా వంతు వచ్చింది. మోహిరా పోస్తూనే ఉంది. సగం దాటింది, ముప్పావు దాటింది.  టీ అంచుదాకా వచ్చి నిలిచింది. రెండు చేతులతో పట్టుకుని, చుక్క తొణక్కుండా ముసలావిడ ముందు పెట్టింది.

సాదత్ ఒపా ఆ నిండు పియాలాను కాసేపు చూసింది. తర్వాత ఎత్తి, ఆపకుండా, చివరి చుక్కదాకా తాగింది. తలుపు వెనక మూట అప్పటికే కట్టి పెట్టుకుని ఉంది. దాన్ని చంకలో పెట్టుకుని, పసివాడి పాదం ముద్దు పెట్టుకుని, "ఇంత మర్యాదగా నన్నెవరూ గెంటలేదు" అని బయటికి నడిచింది.

జోనూ నేనూ లేచాం. మోహిరా గుమ్మం దాకా వచ్చి మమ్మల్ని సాగనంపి, తలుపు తనే వేసుకుంది.